మూడో జత బొటనవేలు

బహుళ విదియ

ఈ చిట్టాలో పట్టీల మరమ్మతు సంగతులు తప్ప మరేమీ రాయకూడదని పైనుంచి ఉత్తర్వు. రాసింది చదివే నాథుడు లేడని నాకు తెలుసు. అందుకే తోచింది రాస్తాను. ఎవరైనా చదివి తిడితే అప్పుడు చూసుకుందాం.

లేవగానే పట్టీలు కడగడం. వేడినీళ్ళు, సబ్బు నురగ, మెత్తటి గుడ్డ. చేతికి నూనె రాసుకోవద్దర్రా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ వినరు. కొబ్బరినూనె దట్టంగా పట్టించి మరీ షెడ్డుకు వస్తారు. జిడ్డు చర్మం మీద పట్టీ నిలవదు. భుజం కింద కట్టే పట్టీ పని నాడి చెప్పేది వినడం. అది సరిగ్గా వినకపోతే ముంజేతికి కట్టే రెండో పట్టీ ఏం చెబుతుంది, నా తలకాయ!

నేను రెండో విడత పట్టీలు ఆరేస్తుంటే శామ్యూలు గారు వచ్చారు. మా షెడ్డు సూపర్‌వైజరు ఆయన. మంచి మనిషే, కాని మంచి కబురు మోసుకొచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఇవాళ తెచ్చారు. పడమటి కొండమీద పంపుల షాపుకు నా బదిలీ ఖాయమైందట. వచ్చే శుద్ధ పక్షంలో వెళ్ళిపోవచ్చట.

"ఏం బేబీ, సంతోషమేనా?" అన్నారు.

నా పేరు బేబి సరోజని. యాభై దాటి మోకాళ్ళు పట్టేసినా అందరికీ నేను బేబీనే, బేబక్కనే. సంతోషమేనండి అన్నాను. ఆ సంతోషానికి ఏడుపు కూడా వచ్చింది. ఎన్నాళ్ళనుంచో ఈ చేతులతో విసిగిపోయి ఉన్నాను. ఒకరి చూపుడు వేలు లేవదు, ఇంకొకరి మణికట్టు తిమ్మిరి, ఒకరికి పట్టీ కింద దురద, ఆ దురదతో పాటు వాళ్ళింటి గొడవలన్నీ నేనే వినాలి. పంపులకు చేతులుండవు. పాడైతే నోరు మూసుకుని పాడవుతాయి.

"ఇంకో సంగతి" అన్నారు శామ్యూలు గారు. అనుకున్నాను, ఒక్క మంచి కబురుతో ఎక్కడ వదులుతారు అని. "మూడో జత నిన్న దిమ్మ అంచు పగలగొట్టింది. ఒకసారి చూడు."

మూడో జత అంటే సముద్రంలో గోడ దిమ్మలు పేర్చే ఇనుప చేతుల్లో నాంచారమ్మ నడిపేది. ఆవిడ చేతికి కోడిగుడ్డు ఇచ్చి సముద్రం అడుగున పెట్టమంటే పగలకుండా పెట్టి వస్తుంది. ఎవరో చూడటంలో పొరపాటు పడి ఉంటారన్నాను. చూస్తానని మాత్రం చెప్పాను.

బహుళ చవితి

నాంచారమ్మను కూర్చోబెట్టి రెండు పట్టీలూ విప్పి మళ్ళీ కట్టాను. అరవై దాటిన మనిషి. చామనఛాయ, ముక్కుకు రెండువైపులా బేసరి, మాట మాత్రం రంపమే.

"ఏందే, నీ పెళ్ళికి నన్ను ముస్తాబు సేత్తన్నావా?" అంది.

"వేళ్ళు ఒక్కొక్కటిగా ఎత్తు. చూపుడు వేలు. ఆఁ. మధ్యవేలు. ఇప్పుడు ఉంగరపు వేలొక్కటే."

"జొరం రాకముందే అదొక్కతీ లేసేది కాదు. ఇప్పుడెట్టా లేత్తదే?"

నిజమే, నాకూ లేవదు. ఉంగరపు వేలు పక్కవాళ్ళను లాక్కుపోకుండా ఎక్కడికీ పోదు. అసలు వేళ్ళలో కండ ఉండదు. వాటిని ముడిచే, చాచే కండలు ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి సన్నటి తాళ్ళు మణికట్టు కిందుగా వేళ్ళలోకి వెళతాయి. మనసులో 'వంగు' అనుకుంటే ఆ ఆజ్ఞ తలలోంచి వెన్నులోకి దిగి, మెడ దగ్గర బయటికొచ్చి, చంక మీదుగా నాడి పట్టుకుని ముంజేతికి చేరుతుంది. కండ ముడుచుకుంటుంది, తాడు లాగుతుంది, వేలు వంగుతుంది. తోలుబొమ్మ లాగే, ఆడించేవాడు తెర వెనక ఎక్కడో ఉంటాడు. బొటనవేలిది కొంచెం వేరే సంసారం. దానికి అరచేతిలోనే బొద్దుగా సొంత కండ ఒకటి ఉంది. అందుకే ముంజేతి పట్టీనుంచి ఒక సన్న తీగ అక్కడిదాకా వేస్తాం.

మొద్దుజ్వరం ఇక్కడ చాలామందికి మోచేతి కింద కదిపే నాడులను తినేసింది. తాకితే తెలిసే నాడులను మాత్రం ఎందుకో వదిలేసింది. ఆజ్ఞ మోచేతిదాకా వచ్చి ఆగిపోతుంది. భుజం పట్టీ దాన్ని పైనే విని, ముంజేతి పట్టీకి చెబుతుంది. అది కండను తడుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు అంతే. షెడ్డులో కూర్చుంటే ఆ ఆజ్ఞను ముంజేతికి పోనివ్వకుండా సముద్రంలోకి మళ్ళిస్తాం. అక్కడ గోడ కట్టే ఇనుప చేతుల జత కదులుతుంది. ఇక్కడ వీళ్ళ చేతులు ఒళ్ళో పడి ఉంటాయి. నాలాంటి ఆరోగ్యవంతులు దీనికి పనికిరారు. సముద్రంలో చేతులతో పాటు మా చేతులూ గాల్లో ఆడి పక్కవాళ్ళ మొహం పగలగొడతాయి.

పట్టీలు కంపెనీవి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆవిడకు చేతులు. ఇది రాస్తుంటేనే నాకు చిరాకు వచ్చింది.

పట్టీల్లో ఏ లోపమూ కనపడలేదు. బాగానే ఉంది పో అన్నాను. నాంచారమ్మ లేచి, పవిటకొంగు తనే సర్దుకుని, తలుపు గడియ తనే తీసుకుని వెళ్ళింది. ఆ చేతులకు ఏమీ కాలేదనే అనుకున్నాను.

బహుళ సప్తమి

అయింది.

మధ్యాహ్నం మూడో జత పట్టుకున్న దిమ్మ జారి కింద పనిచేస్తున్న నాలుగో జత మణికట్టు మీద పడింది. ఇనుప మణికట్టు నుజ్జయింది. నాలుగో జత నడిపే ఏసుబాబు కుర్చీలోంచి ఎగిరి, తన సొంత చెయ్యి తెగినట్టే కేకలు వేశాడు. వాడికేమీ తగల్లేదు. అయినా కళ్ళముందు ఆ చెయ్యి తనదే కదా. మంచినీళ్ళు తాగించి కూర్చోబెట్టాను.

తెర మీద నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూశాం. దిమ్మను చోట పెట్టాక జిగురు పట్టేదాకా అయిదు వేళ్ళతోనూ అదిమి ఉంచాలి. నాంచారమ్మ అలాగే ఉంచింది. అంతలో బొటనవేలు ఒక్కటి దిమ్మను వదిలి లోపలికి ముడుచుకుంది. క్షణం కూడా లేదు. మళ్ళీ వచ్చి పట్టుకుంది. ఇదివరకు ఆ క్షణానికి దిమ్మ అంచు మాత్రమే పగిలింది. ఈసారి దిమ్మ బాగా బరువైనది, నాలుగు వేళ్ళు ఆపలేకపోయాయి.

"వణుకా?" అన్నారు శామ్యూలు గారు.

"నాడి అలిసిపోయి ఉంటుంది. వయసు."

"అమావాస్యకు తనిఖీ వస్తున్నారమ్మా. పోటు జోరుగా ఉన్న రోజే చూసుకుని వస్తారు వాళ్ళు. వాళ్ళముందు ఇంకొక్కసారి జారితే, ఆవిడ చెయ్యి పనికిరాదని రాసి పట్టీలు పట్టుకుపోతారు. నేను ఆపలేను."

ఆయన ఆ మాట తల దించుకుని చెప్పారు. కోప్పడదామన్నా కుదరనివ్వరు ఈయన.

నాంచారమ్మను అడిగితే, "నేనేం సేశానే? నేను పట్టుకునే ఉన్నా" అంది. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

నాకు తోచిన మందు ఒక్కటే. బొటనవేలికి పోయే ఆజ్ఞను తగ్గించాను. అది ఎంత అరిచినా పట్టీకి సగమే వినపడుతుంది. బొటనవేలు ఉన్నచోట అదిమి ఉండగలదు కాని చటుక్కున ముడుచుకోలేదు. ఇక తలనొప్పి తీరిందనుకుని, బదిలీకి సర్దుకోవాల్సిన పెట్టె కిందకు దించాను.

బహుళ నవమి

రెండు రోజులు మూడో జత బుద్ధిగా పనిచేసింది. శామ్యూలు గారు నాకు టీ తెచ్చిచ్చారు కూడా.

ఈ మధ్యాహ్నం భోజనాల హాల్లో గోంగూర పప్పు. నా కంచం తీసుకుని వెళ్ళేసరికి నాంచారమ్మ మూల బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో చెంచా. గోంగూర అన్నం చెంచాతో తింటోంది. ఆ దృశ్యం చూసి హాల్లో జనం అంతా కంచాల్లోకి చూసుకుంటున్నారు.

నేను పక్కన కూర్చోగానే చెంచా కింద పెట్టేసింది.

"కలపటానికి కలుపుతున్నానే. వేళ్ళు నాలుగూ బానే ఆడతన్నయ్. ముద్ద నోటికాడికి వచ్చాక లోపలికి తోసేది బొటనేలే కదా? అది తోయట్లేదు. ముద్ద ముద్దంతా కోక మీద పడింది. నిన్న కూడా అంతే. మొన్న కూడా అంతే."

"చెప్పొచ్చు కదా!"

"ఏం సెప్పేది? నా ఉజ్జోగం నిలబెట్టటానికి సేశావంట కదా. శామేలయ్య సెప్పాడు. నిలబెట్టావు లే, సల్లగుండు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. అన్నం అక్కడే వదిలేసి ఆవిణ్ణి షెడ్డుకు తీసుకెళ్ళి బొటనవేలి ఆజ్ఞను మామూలు చేశాను. వెనక్కి వచ్చేసరికి నా పప్పు చల్లారి గడ్డకట్టింది. దాన్నే తిన్నాను. నాకు నామీదే ఒళ్ళు మండిపోయింది. చేతిని దిమ్మ పట్టుకునే సామానుగా చూశాను గాని, అన్నం తినేది కూడా దాంతోనేనని మరిచిపోయాను. ఇన్నేళ్ళనుంచి ఇదే పని చేస్తున్నాను, ఏం లాభం?

పెట్టె సర్దడం ఆపేశాను. ఇది తేలనిదే కొండెక్కినా నిద్ర పట్టదు.

బహుళ ఏకాదశి

మా పట్టీల పెట్టెలో రెండుదారుల మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కితే ఆజ్ఞ సముద్రానికీ పోతుంది, ముంజేతికీ పోతుంది. కొత్తవాళ్ళకు పని నేర్పేటప్పుడు తప్ప వాడం. సముద్రంలో జరిగేది ఇనుప చేతిలో కనపడుతుంది, కాని ఇనుప చేతికి దిమ్మ అడ్డం. దిమ్మ లేని చేతిలో అదే ఆజ్ఞ ఏం చేస్తుందో చూడాలనిపించింది. ఇన్ని రోజులూ ఈ బుద్ధి ఎటు పోయిందో.

పనిలో ఉండగా నాంచారమ్మ కుడిచెయ్యి తీసి చిన్న దిండు మీద వెల్లకిలా పెట్టి మీట నొక్కాను. ఆవిడ కళ్ళు తెర మీద ఉన్నాయి. కింద నీళ్ళలో మూడో జత దిమ్మ ఎత్తింది, ఇక్కడ దిండు మీద చెయ్యి శూన్యాన్ని ఎత్తింది. దిమ్మను గోడలో పెట్టింది, అదిమింది. అప్పుడు దిండు మీద బొటనవేలు లోపలికి ముడుచుకుని, చూపుడు వేలి అడుగు కణుపును తాకింది.

ఇంకో దిమ్మ. బొటనవేలు చూపుడు వేలి నడిమి కణుపు మీదికి వెళ్ళింది.

ఇంకో దిమ్మ. చూపుడు వేలి కొన.

ఇది వణుకు కాదు, నాడి అలసట అంతకన్నా కాదు. ఆవిడ కణుపులు లెక్కపెడుతోంది. మా అమ్మ నెల తప్పిన రోజులు లెక్కపెట్టింది ఇలాగే. నేను వాయిదాలు, చుట్టాలు, సంతకు కావలసినవి లెక్కపెట్టుకునేది ఇలాగే. నాలుగు వేళ్ళకు తలా మూడు కణుపులు, బొటనవేలు వాటి మీద నడిచే మనిషి. ఆవిడ చెయ్యి ఒళ్ళో చచ్చినట్టు పడి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఆవిడకూ కనపడలేదు.

మధ్యవేలు, ఉంగరపు వేలు. చిటికెన వేలి అడుగు కణుపు, నడిమి కణుపు. అంతే. కొన కణుపు దగ్గరికి పోకుండా మళ్ళీ చూపుడు వేలి అడుక్కి వచ్చేసింది.

పని అయ్యాక పట్టీలు విప్పుతూ నెమ్మదిగా అడిగాను. "ఏం లెక్కపెడుతున్నావు నాంచారమ్మా?"

"లెక్కా? నేనేం లెక్కపెట్టట్లేదు."

"మీట వేసి చూశాను. దిమ్మకో కణుపు."

పట్టీ విప్పిన చేతిని ఒళ్ళోకి లాక్కుంది. బయట నుంచి ఉప్పుగాలి, ఏసుబాబు ఎవరితోనో వేళాకోళం ఆడుతున్న గొంతు.

"ఇప్పుడు కడతన్న గోడ ఎక్కడిదో తెలుసా నీకు?" అంది నాంచారమ్మ. "సొర్లపాలెం మీంచి పోతంది. మా పాలెం. పోయిన పున్నమి దాటాక మా ఈదిలోకి వచ్చింది."

సొర్లపాలెం ఉప్పెనలో పోయిందని విన్నాను. ఆవిడ అక్కడి మనిషని నాకు తెలియదు. ఇన్నేళ్ళలో దురద సంగతి తప్ప ఆవిణ్ణి ఏమీ అడగలేదు.

"మాకు పొదుపు సంగం ఉండేది. నేను లీడర్ని. శుక్రోరం శుక్రోరం సంగం బిల్డింగులో మీటింగు. అందరూ వచ్చిందాకా కణుపుల మీద హాజరు ఏసేదాన్ని. ఈరమ్మ, మరియమ్మ, లంకమ్మ, బీబి, బుల్లెమ్మ, సువార్తమ్మ... ఉప్పెన నాడు నేను జొరంతో ఈ దిబ్బ మీద ఆసుపత్రిలో పడున్నా. పాలెంలో అదొక్కటే డాబా గదా, ఆళ్ళందరూ సంగం బిల్డింగులోకే పోయారు."

నేను విప్పిన పట్టీని మడత పెట్టాను.

"ఆళ్ళ మీంచే గోడ కడతన్నామే బేబీ. పేరన్నా పిలవకుండా ఎట్టా కడతారు ఎవరన్నా? నాకు తెలవకుండానే పిలుత్తన్నానేమో. మనసులో అనుకుంటే ఏలు కదులుద్దా?"

"అనుకోవడమే ఆజ్ఞ. ఆ తర్వాత అంతా కండ చేసే కూలిపని" అన్నాను.

బహుళ త్రయోదశి

దారి ఒకటి ఉంది. బొటనవేలు కణుపు మీదికి పోయే ఆ ఒక్క కదలికను గుర్తుపట్టి, అది వచ్చినప్పుడు భుజం పట్టీ విననట్టు ఊరుకునేలా చెయ్యొచ్చు. ముద్ద తొయ్యడం పోదు. గడియ తియ్యడం పోదు. ఒక్క లెక్క మాత్రమే పోతుంది. ఆవిడ ఎంత అనుకున్నా బొటనవేలు కణుపు దగ్గరికి పోదు, ఇంట్లో కూడా.

ఇదంతా విడమరిచి చెప్పాను. నాంచారమ్మ తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"తీసెయ్యి" అంది. "అన్నం తినాలి గదా. సచ్చినోళ్ళు సచ్చారు."

ఆ చివరి మాట ఆవిడ మాటలా లేదు. నేనే ఆవిడ చేత అనిపించిన మాటలా ఉంది. సరేనన్నాను. రేపు పొద్దున తీసేస్తే అమావాస్యకు ఇబ్బంది ఉండదు. తరువాత నేను కొండమీదికి, ఆవిడ గోడ దగ్గరికి. ఇద్దరికీ మంచిదే.

ఏ కణుపుకు ఎంత ఆజ్ఞ వస్తోందో ముందు రాసుకోవాలి. దానికి ఆవిడ పనిలో ఉండగానే పక్కన కూర్చుని, ఒళ్ళో ఉన్న చేతి కణుపులను ఒక్కొక్కటే నా వేలితో నొక్కి సిరాతో గుర్తు పెట్టాలి. మొదలుపెట్టాను. దిమ్మ పెట్టింది, నేను చూపుడు వేలి అడుగు కణుపు నొక్కాను. ఇంకో దిమ్మ, నడిమి కణుపు. నాలుగో దిమ్మకు గాని నేను ఆజ్ఞలను గీతలుగా చూపే తెర వైపు చూడలేదు.

బొటనవేలి గీత చదునుగా ఉంది. ఆజ్ఞే రావడం లేదు.

పట్టీ ఊడిందేమోనని చూశాను. ఊడలేదు. నొక్కడం ఆపాను. తరువాతి దిమ్మకు గీత మళ్ళీ లేచింది, కింద ఇనుప బొటనవేలు వదలబోయి పట్టుకుంది. మళ్ళీ నొక్కాను. చదును.

తాకిడి తెలిసే నాడులు ఉన్నాయి కదా ఆవిడకు! కణుపు మీద ఒక వేలు పడిందని తలకు కబురు అందింది. హాజరు పడిపోయింది. ఇక ఆవిడ బొటనవేలిని పంపాల్సిన పని తలకు లేదు. ఎవరి వేలు అన్నది దానికి పట్టలేదు.

పని అయ్యేదాకా కదలకుండా నొక్కుతూ కూర్చున్నాను. నడుము విరిగిపోయింది. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది, "పేర్లు కూడా అనవే. ఊరికే నొక్కితే ఎవురని వత్తారు?"

పేర్లు చెప్పింది. రాసుకోకుండానే వచ్చాయి. చిటికెన వేలి కొన దగ్గరికి వచ్చాక, ఇదెవరిదని అడిగాను.

"అది వొదిలెయ్యి. అది కాళీ."

అమావాస్య

తనిఖీకి హైమావతి గారని ఒకావిడ వచ్చారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళకింద నల్లటి చారలతో. పది షెడ్లు తిరిగి వచ్చిన మనిషి. నాకంటే ఎక్కువ అలిసిపోయిన వాళ్ళను చూడటం అరుదు కాబట్టి ఆవిణ్ణి ఇష్టపడ్డాను, భయపడుతూనే.

పోటు మీద ఉంది సముద్రం. కింద దిమ్మలన్నీ ఊగుతున్నాయి. మూడో జత తెర ముందు నిలబడ్డారు ఆవిడ. నాంచారమ్మ పక్కన పీట వేసుకుని నేను. నాంచారమ్మ చెయ్యి నా ఒళ్ళో ఉంది. పెదవులు కదపకుండా పేరు అంటున్నాను, కణుపు నొక్కుతున్నాను. వీరమ్మ. మరియమ్మ. దిమ్మ. లంకమ్మ. దిమ్మ. ఒకసారి ప్రవాహం అడ్డంగా కొట్టి దిమ్మ మొత్తం పక్కకు వాలింది. శామ్యూలు గారు నా వెనక 'ప్రభువా' అన్నారు. అయిదు వేళ్ళూ పట్టే ఉన్నాయి. జిగురు పట్టింది.

హైమావతి గారు తెర చూడటం మానేసి నన్నే చూస్తున్నారు.

"మీరేం చేస్తున్నారు?"

"మర్దనండి. నాడికి."

"పేర్లతో మర్దనా?"

వినపడిందన్నమాట. అబద్ధం ఇంకొకటి వెతుక్కునే ఓపిక నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సొర్లపాలెం, సంఘం, కణుపులు, చదునైన గీత. చెబుతూ కూడా నొక్కడం ఆపలేదు. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆవిడ చాలాసేపు గీతల తెర చూశారు. నన్ను చెయ్యి తియ్యమన్నారు. తీశాను. గీత లేచింది. వెంటనే పెట్టెయ్యండి అన్నారు. పెట్టాను.

"ఆ కదలికను కోసెయ్యొచ్చు కదా?"

"కోసెయ్యొచ్చండి. ఆవిడ కూడా సరేనంది. నేనే చెయ్యలేదు."

"మీరు పక్కన లేని రోజు?"

నేను తరువాతి కణుపు నొక్కాను. శామ్యూలు గారు చొక్కా తడుముకున్నారు. నా బదిలీ కాయితం ఆయన జేబులోనే ఉంది.

"మీరు పక్కన కూర్చున్నన్నాళ్ళు పట్టీలు ఉంటాయని రాస్తాను. లేకపోతే లేదు. అంతకన్నా నాకు రాసే అధికారం లేదమ్మా."

నాంచారమ్మ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా అంది, "దానికి కొండమీద ఉజ్జోగం వచ్చిందండీ. పోనియ్యండి దాన్ని. నా ఏలు కోసెయ్యండి, పోద్ది."

"నువ్వు నోరు ముయ్యి. దిమ్మ చూడు" అన్నాను. అది అన్నాక గాని నాకు తెలియలేదు నేను ఏం ఒప్పుకున్నానో. శామ్యూలు గారి వైపు చూడకుండానే, ఆ పంపుల షాపుకు ఎవరినైనా కుర్రాళ్ళను పంపండి, నాకు కొండగాలి పడదు అన్నాను.

నాకు కొండగాలి పడుతుంది. ఈ ఉప్పుగాలే పడదు.

శుద్ధ షష్ఠి

పీట మీద దిండు వేసుకున్నాను. నడుముకు కాస్త నయం. పొద్దున పట్టీలు కడగడం, ఆపైన నాంచారమ్మ పక్కన కూర్చోవడం, సాయంత్రం మిగతావాళ్ళ దురదలు వినడం. ఏసుబాబు ఇప్పటికీ నూనె రాసుకునే వస్తున్నాడు. వాడి వీపు మీద తడి పట్టీతో ఒక్కటిచ్చాను.

మధ్యాహ్నం గోంగూర. నాంచారమ్మ హాలు మధ్య బల్ల దగ్గర కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ, ముద్ద మీద ముద్ద నోట్లోకి తోస్తోంది. నా వేళ్ళు పొద్దుటినుంచి నొక్కి నొక్కి వంగడం లేదని చూసి, ఒక ముద్ద నా నోట్లోనూ పెట్టింది. ఉప్పెక్కువైంది. చెప్పలేదు.

శుద్ధ అష్టమి

అష్టమి నాడు ఆటుపోట్లు మెత్తబడతాయి. గోడ సొర్లపాలెం దాటే రోజు ఇదేనని శామ్యూలు గారు పొద్దునే చెప్పి వెళ్ళారు. రేపటినుంచి ఇసుక మేట మీద పని, అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

నీళ్ళు తేటగా ఉన్నాయి. దిమ్మల పక్కన ఒక మెట్టు కనపడింది, రెండోది ఇసుకలో ఉంది. "మా సంగం బిల్డింగు మెట్లు" అంది నాంచారమ్మ, కూరగాయల బజారు చూపించినట్టు. నేను నొక్కుతున్నాను. బీబి. బుల్లెమ్మ. సువార్తమ్మ. నేను ఎన్నడూ చూడని ఆడవాళ్ళు, వాళ్ళ పేర్లు మా ఇంటివాళ్ళ పేర్లకంటే బాగా వచ్చేశాయి నాకు. బాధగా ఉంది. వాళ్ళ పొదుపు పాస్‌బుక్కులు ఏమయ్యాయో అని కూడా అనిపించింది, పిచ్చి ఆలోచన.

చిటికెన వేలి నడిమి కణుపు అయింది. ఇంకా ఒక్క దిమ్మ మిగిలింది, పాలెం హద్దు మీద. నేను అలవాటుగా మళ్ళీ చూపుడు వేలి అడుక్కి పోబోయాను.

"ఆగవే" అంది. "ఆ సివరిది కూడా నొక్కు."

"ఖాళీ అన్నావు కదా?"

"లీడరుది. అందరి హాజరూ అయినాక గాని లీడరు తన పేరు ఏసుకోకూడదు."

కింద మూడో జత దిమ్మను ఎత్తి, మెట్టు పక్కన దించి, అయిదు వేళ్ళతో అదిమింది. నేను చిటికెన వేలి కొన పట్టుకున్నాను.

"నాంచారమ్మా" అని పిలిచాను.

"ఉన్నా" అంది.

జిగురు పట్టేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.